ఫెడరల్ భూమి అడగబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం, దానితో పంపిన మ్యాపు అందాయి. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో చిన్న ఊరి ప్లానింగ్ ఉద్యోగమంటే సగం ఈ తలనొప్పే. రాష్ట్రంలో దాదాపు 80 శాతం నేల ఫెడరల్ ప్రభుత్వానిది. ఊరు ఎటు పెరగాలన్నా వాళ్ల హద్దు అడ్డు వస్తుంది.

గోదాములకూ ఫ్యాక్టరీలకూ కావలసిన ఫెడరల్ భూమిని 1926 నాటి చట్టం కింద చౌకగా తీసుకుందామని మీ కౌన్సిల్ వారు అంటున్నారని రాశావు. ఆ మాట అక్కడే ఆపించు. ఆ చట్టం ఉన్నది పార్కులకు, బడులకు, అగ్నిమాపక కేంద్రాలకు. గోదాములూ ఫ్యాక్టరీలూ రప్పించడానికి అది పనికిరాదు. అనుకున్న పనికి వాడకపోతే భూమి వెనక్కి పోతుందన్న షరతు పట్టాలోనే ఉంటుంది. అలాంటి నేల మీద ఏ బ్యాంకు అప్పిస్తుంది?

1976 నాటి చట్టం కింద మార్కెట్ ధర కట్టి కొనవచ్చు. అయితే ఆ ముక్క అమ్మకానికి తగినదని ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ ప్రణాళికలో ముందే గుర్తించి ఉండాలి. ముందు అది తిరగెయ్యి. అందులో లేకపోతే అమెరికా పార్లమెంటులో, అంటే కాంగ్రెస్‌లో, ప్రత్యేక బిల్లు పెట్టించాలి. నెవాడాలోనే ఉన్న ఎరింగ్టన్ ఊరు ఆ దారినే పోయింది. పక్కన రాగి గని వస్తోందని దాదాపు 10,400 ఎకరాలు అడిగితే, చివరికి 2014 డిసెంబరులో రక్షణ శాఖ బిల్లుతో కలిసి గట్టెక్కింది. అదీ మార్కెట్ ధరకే. అదే చట్టం దాదాపు 48 వేల ఎకరాల కొండప్రాంతాన్ని ఎవరూ ముట్టుకోకుండా వోవోకా పేరుతో రక్షిత ప్రాంతం చేసింది. ఊరికి కొంత నేల ఇస్తే బదులుగా కొంత నేలను రక్షించాలన్న ఇలాంటి బేరం మీకూ ఎదురవుతుంది, సిద్ధంగా ఉండు. ఆ గని కంపెనీ మాత్రం 2024లో దివాలా పిటిషన్ వేసింది. ఒక్క కంపెనీ మాట నమ్మి ఎకరాలు లెక్కకట్టవద్దని మీ మేయరుకు చెప్పు.

కాగితాలకంటే నాకు భయం హద్దు గీతలంటేనే. ఒకసారి మేము గీసిన మ్యాపును ఒక పశువుల యజమాని వంటింటి బల్ల మీద పరిచాం. ఆయన మాట్లాడకుండా కాఫీ కప్పు పక్కకు జరిపి ఒకచోట వేలు పెట్టాడు. ఆయన ఆవులు నీళ్లు తాగే తొట్టి సరిగ్గా మా గీత లోపల పడింది. మేము ఆఫీసులో కూర్చుని ఉపగ్రహ చిత్రం చూసి గీసిన గీత అది! ఫెడరల్ నేల మీద పశువులను మేపుకునే పర్మిట్ ఉన్నవారికి, ఆ నేలను మేతకు లేకుండా చేయాలంటే సాధారణంగా రెండేళ్ల ముందు నోటీసు ఇవ్వాలని చట్టం. మేము ఆయన్ను కలవకపోయుంటే ఆ రెండేళ్లూ కోపంతోనే గడిచేవి. గీత జరిపాం, బహిరంగ విచారణలో ఆయనే మా తరఫున మాట్లాడాడు.

దగ్గరలోని మూలవాసుల తెగ కార్యాలయానికీ అలాగే ముందే వెళ్లు. మ్యాపు ఖరారయ్యాక వెళితే అది సంప్రదించడం కాదు, చెప్పిరావడం.

ఈ శనివారం ఆ నేలంతా నడిచి చూడు. సేజ్ అనే ఎడారి పొదల మధ్య తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు నిలబెట్టి కనిపిస్తే, ఎవరో గని హక్కు గుర్తు పెట్టుకున్నారని అర్థం. ప్రతిదానికీ ఫోటో తీసి పంపు. నీళ్లు నువ్వనుకున్నదానికి రెట్టింపు తీసుకెళ్లు.

మీ మామయ్య