నిజాం ఇచ్చిన వజ్రాల టియారా ఏమైంది?

"బ్రిటన్ రాణి ఎలిజబెత్ పెళ్లికి మన నిజాం గోల్కొండ వజ్రాల కిరీటం ఇస్తే, దాన్ని పగలగొట్టేశారట కదా?" అని ప్రశ్న. ఇందులో నిజాం కానుక ఇచ్చారన్నది ఒక్కటే నిజం.

1947 నవంబరు 20 నాటి ఆ పెళ్లికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన ఖజానాలోంచి ఏమీ తీసి పంపలేదు. పెళ్లికూతురికి నచ్చినవి ఇమ్మని లండన్‌లోని కార్టియర్ నగల దుకాణానికి చెప్పారు. ఆమె ఒక హారం, ఒక టియారా (కిరీటంలాంటి తలనగ) ఎంచుకుంది. అంటే అవి ఆసఫ్‌జాహీల వంశపు నగలే కావు. ఇక గోల్కొండ సంగతంటారా, తెల్లగా మెరిసిన ప్రతి రాయికీ ఆ పేరు తగిలించడం మనవాళ్లకో జబ్బు. నిజాం దగ్గరున్న 184.75 కేరట్ల జాకబ్ వజ్రమే దక్షిణాఫ్రికా సరుకు!

పగలగొట్టలేదు, విప్పారు. ఇలాంటి టియారా ఒకే పోతగా ఉండదు. తలకు ఆనే బందు వేరు, దాని మీది పువ్వులు వేరు. వెనకనుంచి చిన్న మరలతో బిగిస్తారు. మర తీసి పిన్ను తగిలిస్తే పువ్వు కాస్తా బ్రూచ్ (బట్టలకు గుచ్చుకునే నగ) అవుతుంది. లండన్ నగల సంస్థ గారార్డ్ వాళ్లు 1870లలో చేసిన పోల్టిమోర్ టియారా హారంగానూ, 11 బ్రూచ్‌లుగానూ మారుతుంది. పాతవాటిలో ఏ మర ఏ రంధ్రానిదో తెలిసేలా వెనక చుక్కలో అంకెలో గీసి ఉంటాయి. అవి చూడకుండా మార్చి బిగిస్తే మరచుట్లు అరిగిపోతాయి. పువ్వు ఊగుతోందని ఎవరో సీసం కలిసిన టంకం పెడతారు. తర్వాత ఎప్పుడైనా వేడి తగిలితే ఆ సీసం బంగారాన్ని తినేసి గుంటలు పెడుతుంది. పాత నగలు పాడయ్యేది రాళ్లు విప్పడంవల్ల కాదు, ఇలాంటి మరమ్మతులవల్ల.

నిజాం టియారాలోని మూడు గులాబీలు మొదటినుంచీ విడదీసేందుకు వీలుగా చేసినవే, ఇప్పటికీ బ్రూచ్‌లుగా ఉన్నాయి. మిగతా వజ్రాలను 1973లో గారార్డ్ చేత, బర్మా ప్రజలు పెళ్లికి కానుకగా ఇచ్చిన 96 కెంపులతో కలిపి కొత్త టియారాగా చేయించుకున్నారు రాణి. హారం మాత్రం హారంగానే ఉంది. రాణి మనవడు విలియం భార్య కేట్ 2014లో వేసుకున్నది అదే. దాని ఫొటో పెట్టి "నిజాం టియారా" అని రాసే పేజీలను నమ్మకండి.

అసలైన నిజాం వంశపు నగలు 173 ఉన్నాయి. 1995లో కేంద్రం 218 కోట్లకు కొని రిజర్వు బ్యాంకు లాకర్లో పెట్టింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001, 2006లలో ప్రదర్శనకు పెట్టారు. లండన్ టియారా కోసం బాధపడేవాళ్లు, వీటిని హైదరాబాదులో శాశ్వతంగా ఎందుకు ఉంచరని ఢిల్లీని అడగొచ్చుగా?