పిల్లల పళ్ళు: "ఇండియా వెళ్ళినప్పుడు చూపిద్దాం" అనుకునేవాళ్ళకి

అమెరికా వచ్చిన కొత్తలో పిల్లల డాక్టర్ని ఎలాగూ వెతుక్కుంటాం. స్కూల్లో చేర్చాలంటే టీకాల కాగితాలు అడుగుతారు, తప్పదు. పంటి డాక్టర్ విషయానికొచ్చేసరికి మాత్రం మనవాళ్ళందరిదీ ఒకటే మాట: "పాలపళ్ళే కదా, ఊడిపోయేవే. డిసెంబర్లో ఇండియా వెళ్తాంగా, అక్కడ చూపిద్దాం." ఇక్కడి బిల్లులు చూసినవాళ్ళెవరూ ఈ మాటని తప్పుపట్టలేరు. కాకపోతే పిల్లల పళ్ళు డిసెంబర్ దాకా ఆగవు. శనివారం బర్త్‌డే పార్టీలో ట్రాంపొలిన్ మీద పన్ను ఊడుతుంది. లాంగ్ వీకెండ్ అర్ధరాత్రి దవడ వాస్తుంది.

అప్పటికప్పుడు ఫోన్ చేస్తే కొత్త పేషెంట్‌కి వారాల తర్వాత అపాయింట్‌మెంట్ ఇవ్వడం ఇక్కడ మామూలే. అదే మీ పిల్లాడి ఫైలు వాళ్ళ దగ్గర ముందే ఉంటే, ఆఫీసు మూసేశాక కూడా ఎమర్జెన్సీ నంబరొకటి దొరుకుతుంది, ఎవరో ఒకరు తిరిగి ఫోన్ చేస్తారు. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా, వచ్చిన మొదటి రెండు మూడు నెలల్లోనే ఒక డెంటిస్టు దగ్గర పిల్లల పేరు రాయించండి. మొదటి పన్ను వచ్చిన ఆరు నెలల్లోపు, ఎంత ఆలస్యమైనా ఏడాది నిండేలోపు ఒకసారి చూపించమని ఇక్కడి పీడియాట్రిక్ డెంటిస్టుల అకాడమీయే చెప్తుంది. ఏడాదికి రెండు చెకప్‌లు, క్లీనింగ్ చాలా ప్లాన్లలో పూర్తిగా ఇన్సూరెన్సే కడుతుంది. అంటే ఆ ఫైలు తెరవడానికి మీ జేబులోంచి పోయేది సాధారణంగా ఏమీ ఉండదు, మీ ప్లాన్‌తో ఒప్పందమున్న (నెట్‌వర్క్‌లో ఉన్న) డాక్టర్ని ఎంచుకుంటే చాలు.

ఇక్కడ పంటి ఇన్సూరెన్స్ వేరు, ఒంటి (మెడికల్) ఇన్సూరెన్స్ వేరు. ఉద్యోగంలో చేరినప్పుడు నెలలోపే డెంటల్ టిక్ పెట్టకపోతే మళ్ళీ ఏడాదికోసారి వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాల్సి రావచ్చు. టిక్ పెట్టినా అన్నీ వాళ్ళే కడతారనుకోకండి. ఫిల్లింగ్‌లకి 80 శాతం, పంటికి తొడిగే క్రౌన్‌లకి 50 శాతం, మొత్తం మీద ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల పరిమితి, ఎక్కువ ప్లాన్ల తీరు ఇదే. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. దెబ్బ తగిలి పన్ను పోతే దాన్ని ప్రమాదం కింద మెడికల్ ఇన్సూరెన్స్ కూడా కవర్ చేసే అవకాశం ఉంది. డెంటిస్టు బిల్లు కట్టి ఊరుకోకుండా మీ మెడికల్ ప్లాన్‌కి ఫోన్ చేసి అడగండి. దెబ్బ ఎప్పుడు, ఎలా తగిలిందో తేదీతో సహా డాక్టర్ చేత రాయించుకోండి.

ఇక దెబ్బల సంగతి. దీన్ని కాస్త నిదానంగా చదవండి. ఆరేడేళ్ళు దాటిన పిల్లలకి ముందు పళ్ళు అసలు పళ్ళే అయ్యుంటాయి. ఆ పన్ను వేరుతో సహా ఊడి కిందపడితే దాన్ని మళ్ళీ అతికించవచ్చు, అయితే ప్రతి నిమిషం లెక్కే. మా సందులో ఓ పిల్లాడు సైకిల్ మీంచి పడ్డప్పుడు ఏం జరిగిందో చూడండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ గారు రక్తం ఆగడానికి చిగురు మీద కాఫీ పొడి అద్దారు. నాన్న పన్నుని కుళాయి కింద బాగా రుద్ది కడిగి, టిష్యూ పేపర్లో పొట్లం కట్టి కారెక్కాడు. చేసిందంతా ప్రేమతోనే, అయినా అన్నీ చెయ్యకూడని పనులే. పంటి వేరు మీద సన్నటి పొరలో ప్రాణమున్న కణాలుంటాయి. రుద్దితే అవి పోతాయి, పొడి టిష్యూలో చుడితే ఎండి చచ్చిపోతాయి. అవి పోయాక పన్ను పెట్టినా ఎముకకి సరిగ్గా అతుక్కోదు.

చెయ్యాల్సింది ఇదీ. పన్నుని తెల్లగా కనిపించే వైపే పట్టుకోండి, వేరుని ముట్టుకోకండి. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఒక్కసారి మెల్లగా కడగండి, అవి అందుబాటులో లేకపోతే కుళాయి నీళ్ళు ఓ పది సెకన్లు చాలు. పిల్లాడు ఒప్పుకుంటే అదే గుంటలో, ముందువైపు ముందుకే ఉండేలా చూసుకుని మెల్లగా నెట్టి, శుభ్రమైన రుమాలు కొరికి పట్టుకోమనండి. మీ చేతులు వణికి ఆ పని కాకపోతే గ్లాసుడు చల్లటి పాలలో వెయ్యండి. మంచినీళ్ళలో మాత్రం నానబెట్టకండి. తర్వాత డెంటిస్టు దగ్గరికి పరుగు, గంటలోపు చేరాలి, ఎంత ముందైతే అంత మంచిది. వాళ్ళు పక్క పళ్ళకి సన్నటి తీగతో కట్టి, మామూలుగా రెండు వారాలు ఉంచుతారు. టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో అడుగుతారు, టీకాల కార్డు ఫొటో ఫోన్లో పెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది.

పాలపన్ను ఊడితే కథ వేరు. దాన్ని తిరిగి పెట్టకూడదు, లోపల ఎదుగుతున్న అసలు పన్నుకి దెబ్బ తగులుతుంది. లోపలికి దిగిపోయిన పాలపన్నుని మీరు లాగొద్దు, చాలాసార్లు అదే మళ్ళీ కిందికి వస్తుంది. డాక్టర్‌కి చూపించడం మాత్రం చూపించాలి. పన్ను ముక్క విరిగితే ఆ ముక్కని కూడా పాలలో వేసి తీసుకెళ్ళండి, అతికించే వీలుండొచ్చు. విరిగినచోట ఎర్రటి చుక్క కనిపిస్తే నరం బయటపడినట్టు, అదే రోజు చూపించాలి. ముక్క ఎంత వెతికినా దొరక్క, పిల్లాడు దగ్గుతుంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందేమో డాక్టర్లు చూడాలి, ఆలస్యం చెయ్యకండి.

నేరుగా ఈఆర్‌కి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) ఎప్పుడు వెళ్ళాలి? దవడ వాపు కంటి దాకా పాకినా, వాపుతో పాటు జ్వరం వచ్చినా, మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైనా, గుడ్డ పెట్టి నొక్కినా పావుగంటకీ రక్తం ఆగకపోయినా, తలకి దెబ్బ తగిలి వాంతులైనా, స్పృహ తప్పినా వెళ్ళాల్సిందే. ఊపిరి ఆడకపోయినా, స్పృహ లేకపోయినా 911కి ఫోన్ చెయ్యండి. వట్టి పంటినొప్పికి మాత్రం ఈఆర్ దండగ. మామూలు ఆసుపత్రి ఎమర్జెన్సీల్లో పంటి డాక్టర్లు ఉండటం అరుదు. నొప్పి మందు, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చి రేపు మీ డెంటిస్టుని కలవండి అని పంపిస్తారు, బిల్లు మాత్రం పెద్దదే వస్తుంది. పెద్ద ఊళ్ళలో పిల్లల ఆసుపత్రులకి, డెంటల్ కాలేజీలకి సొంతంగా పిల్లల పంటి విభాగాలుంటాయి. మీకు దగ్గర్లో ఏది ఉందో ఈ వారమే చూసి పెట్టుకోండి.

రాత్రి నొప్పికి ముందు ఫ్లాస్‌తో ఇరుక్కున్న అన్నం మెతుకో, జామ గింజో తీసి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించమనండి. బుగ్గకి బయటినుంచి చల్లటి గుడ్డ పెట్టండి. లవంగ నూనె సంగతి అమ్మమ్మ గారికి మెత్తగా చెప్పాల్సిందే, పసిపిల్లల చిగుళ్ళు కాలతాయి, మింగితే ఇంకా ప్రమాదం. పళ్ళొస్తున్నాయని రెండేళ్ళలోపు పిల్లలకి తిమ్మిరెక్కించే బెంజోకెయిన్ జెల్ రాయొద్దని 2018లోనే ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టిగా హెచ్చరించింది. ఆస్ప్రిన్ పిల్లలకి వద్దు.

సూట్‌కేసులో తెచ్చుకున్న పారాసెటమాల్ సిరప్ దగ్గర ఇంకా జాగ్రత్త. ఇక్కడి చిల్డ్రన్స్ టైలెనాల్‌లో ఉండేదీ పారాసెటమాలే, పేరు మాత్రం అసిటమినోఫెన్ అని రాస్తారు. ఇక్కడ 5 మిల్లీలీటర్లకి 160 మిల్లీగ్రాములు. మన ఊరి సీసాల్లో కొన్ని 120, కొన్ని 250. అదే చెంచాతో అంతే పోస్తే లెక్క తప్పుతుంది, రెండూ వేస్తే డోసు రెండింతలవుతుంది. బరువుని బట్టి ఎంతో డాక్టర్నో ఫార్మసిస్ట్‌నో అడగండి. చిగురు మీద పుండులా లేచి చీము కారి నొప్పి తగ్గితే నయమైందని వదిలెయ్యకండి, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

మొదటి చెకప్‌లోనే ఆరు పళ్ళు పుచ్చాయి, అన్నిటికీ స్టీల్ క్రౌన్లు, మత్తిచ్చి చెయ్యాలి అని కాగితం చేతిలో పెడితే కంగారుపడి సంతకం చెయ్యకండి. అందులో అతి ఉండొచ్చు, నిజమూ ఉండొచ్చు. ఎక్స్‌రేలు ఈమెయిల్ చేయించుకుని ఇంకో డాక్టర్ని అడగండి. సిల్వర్ డైఅమీన్ ఫ్లోరైడ్ అని పుచ్చుని ఆపే మందొకటుంది, పుచ్చిన చోటు నల్లబడుతుంది గానీ చిన్నపిల్లలకి డ్రిల్లు అవసరాన్ని వాయిదా వెయ్యొచ్చు. మత్తు తప్పదంటే, మత్తు ఇచ్చేది ఎవరు, పళ్ళకి వైద్యం చేసే డాక్టర్ కాక పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండేది ఎవరు అని మొహమాటం లేకుండా అడగండి.

ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొచ్చి ఫ్లోరైడ్ లేని పేస్టు కొనేవాళ్ళు మనలో బోలెడుమంది. నల్గొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ హద్దు మీరి ఉండేది, ఇక్కడ కుళాయి నీళ్ళలో కలపమని చెప్పే మోతాదు లీటరుకి 0.7 మిల్లీగ్రాములే. అన్ని ఊళ్ళలోనూ కలపరు, యూటా, ఫ్లోరిడా 2025లో కలపడమే మానేశాయి. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ ఉంటే ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. ఈ సంగతి డెంటిస్టుకి చెప్తే పళ్ళకి పూసే ఫ్లోరైడ్ వార్నిష్ ఎన్నాళ్ళకి వెయ్యాలో చూస్తారు. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, తర్వాత బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. హార్లిక్స్ కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం మాన్పించండి, నేను చూసిన పుచ్చు ముందు పళ్ళలో సగం దాని పుణ్యమే. ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే చివర్లో కొత్త దవడ పన్ను వస్తుంది, అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండేది. రాగానే పుచ్చకుండా పైన పూసే సీలెంట్ వేయించండి. బాస్కెట్‌బాల్, హాకీ ఆడేవాళ్ళకి మౌత్‌గార్డ్ కొనండి.

మీరు ఆఫీసులో ఉండి తాతయ్య గారో అమ్మమ్మ గారో పిల్లల్ని తీసుకెళ్ళాల్సి వస్తే, మీ సంతకం లేకుండా చాలా ఆఫీసుల్లో చికిత్స మొదలుపెట్టరు. మొదటి చెకప్ రోజే కన్సెంట్ (అనుమతి) ఫారం మీద వాళ్ళ పేర్లు రాయించి రండి.