పెంకులు దించాక పుచ్చిన వాసాలు బయటపడితే, అదనపు ఖర్చు ఎవరు భరించాలి?

మీరు పెంకులు మార్చడానికని ధర మాట్లాడుకున్నారు. పెంకులు దించాక వాసాలకు చెదపట్టిందని తేలింది. కాంట్రాక్టరు మిమ్మల్ని అడగకుండానే వాటినీ మార్చి, ఇప్పుడు అదనంగా అడుగుతున్నారు.

ముందు ఒప్పందం చూడండి. కప్పు మొత్తానికి కలిపి గుత్త ధర మాట్లాడుకుని ఉంటే ఆయన వాదన బలహీనం. పెంకుల వరకే అయితే 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ వర్తించవచ్చు: ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయబద్ధంగా చేసిన పని వల్ల మరొకరు ప్రయోజనం పొందితే, పరిహారం ఇవ్వాలి. అయితే ఆ పనిని స్వీకరించాలా, కాదనాలా అన్న స్వేచ్ఛ రెండోవారికి ఉండాలని బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు చిక్కు ఇక్కడే. మీరు ఊళ్లో లేనప్పుడు మార్చేస్తే ఆ స్వేచ్ఛ మీకు దక్కనట్టే. రోజూ దగ్గరుండి, కొత్త వాసాలు ఎక్కిస్తుంటే చూస్తూ మౌనంగా ఉంటే మాత్రం మీ వాదన నిలవడం కష్టం.

పుచ్చిన వాసాల ఫొటోలు, కలప బిల్లు అడగండి. నా ఉద్దేశంలో, నిజంగా చెదపట్టి ఉంటే కలపకూ కూలికీ న్యాయమైన ధర ఇచ్చి రసీదు తీసుకోవడం మేలు. పని ముగిసిన నాటి నుంచి మూడేళ్లలోపు ఆయన దావా వేయవచ్చు.