జొన్నరొట్టెలో జెడ్డు

ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. సగానికి పైగా అడిగిన ప్రశ్న ఒకటే: ‘సారూ, ఇంగ్లీషు ఎప్పుడు వస్తుంది?’ ఎప్పుడన్నది నేను చెప్పలేను, నేను జ్యోతిష్కుణ్ణి కాను. ఎక్కడ అడ్డుపడుతోందో చెప్పిన మూడు ఉత్తరాలను మాత్రం ఏరుకున్నాను.

*సారూ, నమస్తే. జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతే నోరు రాదు. మొన్న షిఫ్టు మారేటప్పుడు కొత్త మేనేజరు గారు ‘యంత్రం కడగలేదా?’ అని ఇంగ్లీషులో అడిగారు. కడగలేదు కాబట్టి ‘యెస్ సార్’ అన్నాను. ఆయన కడిగేశామనుకుని వెళ్లిపోయారు. తర్వాత నాకు చీవాట్లు. నేను చేసిన తప్పేమిటి?*
— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

తమ్ముడూ, నువ్వు ఇంగ్లీషు మాటతో తెలుగు జవాబు చెప్పావు. ‘అన్నం తినలేదా?’ అని అమ్మ అడిగితే ‘అవును, తినలేదు’ అంటాం. మన ‘అవును’ అడిగినవారి మాటకు తల ఊపుతుంది. ఇంగ్లీషు వాళ్ల ‘యెస్’కు అడిగినవారితో పని లేదు, అది జరిగిన పనినే చూస్తుంది. కడిగి ఉంటే ‘యెస్’, కడగకపోతే ‘నో’. ప్రశ్నను తిప్పి అడిగినా, మెలిపెట్టి అడిగినా ఇంతే.

సూత్రం ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది కానీ, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు అంత తొందరగా పోదు. అందుకని కొన్నాళ్లు ఆ రెండు మాటలనూ ఒంటరిగా బయటికి పంపకు. కడగకపోతే ‘నాట్ యెట్, సార్’ అను. కడిగితే ‘వి హావ్ క్లీన్డ్ ఇట్’ అను. ముందు పొరపాటున ‘యెస్’ జారినా, వెనక వచ్చే వాక్యం నిన్ను కాపాడుతుంది.

నేనూ ఈ గోతిలో పడినవాణ్ణే. బీఎడ్ అయ్యాక ఒక బడిలో ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లాను. అక్కడి గుమాస్తా ‘డూ యూ మైండ్ వెయిటింగ్?’ అన్నారు. కూర్చోమంటున్నారు కాబోలనుకుని, వినయమంతా గొంతులోకి తెచ్చుకుని ‘యెస్, యెస్’ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లిపోయారు. కాసేపు ఆగడానికి మీకు అభ్యంతరమా అని ఆయన అడిగితే, అభ్యంతరమే అని రెండుసార్లు చెప్పానన్నమాట! ఉద్యోగం రాలేదు. ఇందువల్లే రాలేదని అనను, వచ్చినవాడికి నాకంటే మార్కులు ఎక్కువ. కానీ తిరుగు బస్సు నార్కట్‌పల్లి దాటి నల్లగొండ దారి పట్టేదాకా ఆ కళ్లద్దాలే కళ్లముందు ఆడాయి.

ఇక నోరు రాకపోవడం గురించి. షిఫ్టు అప్పగించేటప్పుడు మీరు రోజూ చెప్పుకునే మాటలు లెక్కపెట్టు, ఇరవై వాక్యాలు దాటవు. ఏది అయింది, ఏది మిగిలింది, ఏ వాల్వ్ కారుతోంది, ఎవరికి చెప్పారు. వాటిని ఇంగ్లీషులో రాసుకుని గదిలో పైకి చదువు. ఫోనులో రికార్డు చేసి విను. నీ గొంతు నీకే నచ్చదు, ఎవరి గొంతూ వారికి నచ్చదు, ఫరవాలేదు. ‘వాల్వ్’ అనేటప్పుడు మాత్రం రెండు చోట్లా పైపళ్లు కింది పెదవిని తాకాలి. ‘వాటర్’కు పళ్లతో పని లేదు, పెదవులు గుండ్రంగా చుడితే చాలు. మనకున్నది ఒకే ‘వ’ కాబట్టి రెండింటినీ దానితోనే నెట్టుకొస్తున్నాం.

*సార్, మా పాప ప్రభుత్వ బడిలో ఐదో తరగతి, ఇంగ్లీషు మీడియం. నేను ఏడు వరకే చదివాను. పాపకు ఎలా సాయం చేయాలి? నా ఉచ్చారణే దానికి వస్తుందేమోనని భయం. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని పక్కింటివారు చెబుతున్నారు.*
— ఒక తల్లి, దేవరకొండ

అమ్మా, పక్కింటివారి సలహా పక్కింట్లోనే ఉండనివ్వండి. మీకు రాని భాషలో పాపతో ఎంతసేపు మాట్లాడగలరు? ‘కమ్’, ‘ఈట్’, ‘స్లీప్’ దగ్గర ఆగిపోతుంది సంభాషణ.

2022-23లో మన తెలంగాణ సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు రెండు భాషల పుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. పాప దగ్గర అలాంటి పుస్తకం ఉంటే మీకు అంతకు మించిన సాయం లేదు. తెలుగు పేజీ మీరు చదవండి. చదివి ‘ఎందుకు?’, ‘తర్వాత ఏమైంది?’ అని తెలుగులోనే అడగండి. పాప తెలుగులో చెప్పాక, అదే సంగతి ఎదురు పేజీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపమనండి. వేలు సరైన చోట పడిందో లేదో పాప ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఉచ్చారణ భయం వదిలేయండి. ఇంగ్లీషు శబ్దాలకు దారి మీ వంటింట్లోనే ఉంది. ‘జొన్న’ అనండి, ‘జీలకర్ర’ అనండి. రెండు ‘జ’లూ ఒకటి కావు. జొన్నకు నాలుక కొస పళ్ల వెనక్కి వెళ్లి తాకుతుంది. అక్కడ తాకనివ్వకుండా, సన్నని సందు వదిలి తుమ్మెదలా మోగిస్తే అదే జెడ్. ‘జూ’, ‘జీరో’లకు అది కావాలి. ‘జగ్గు’కు జీలకర్ర ‘జ’ సరిపోతుంది. మీ వీధిలో ఉర్దూ మాట్లాడేవారుంటే ‘జమీన్’, ‘నమాజ్’ అనిపించుకుని వినండి, ఫీజు లేని పాఠం. అలాగే ‘మేకు’ తర్వాత ‘మేక’ అనండి. మేకకు నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది. ఆ నోటితో మొదలుపెట్టి ఇంకొంచెం తెరిస్తే ‘బ్యాట్’, ‘క్యాట్’. ఇక ‘ఎలుక’ను మనం ‘యెలుక’ అన్నట్టు పాప ‘ఎగ్’ను ‘యెగ్’ అంటుంది. దవడ ముందే తెరిచి ఉంచుకుని అప్పుడు మాట మొదలుపెట్టమనండి.

*ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామంటున్నారు. డబ్బు కట్టమంటారా?*
— ఒక నిరుద్యోగి, కోదాడ

ముప్పై రోజులకు మా పెరట్లో దోసతీగ కాయ కూడా ఇవ్వదు. కట్టవద్దు.

ఆ డబ్బులో కొంత పెట్టి మూడు నెలలు రెండు పత్రికలు తెప్పించుకోండి, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు. లేదా గ్రంథాలయానికి వెళ్లండి. ముందు తెలుగులో ఒకే ఒక్క వార్త చదవండి, తర్వాత అదే వార్తను ఇంగ్లీషు పత్రికలో వెతకండి. సంగతి ముందే తెలుసు కాబట్టి కొత్త మాటల అర్థం సగం దానంతట అదే విడిపోతుంది. సినిమా వార్తలతో మొదలుపెట్టకండి, వాటిలో విశేషణాలు ఎక్కువ, విషయం తక్కువ. మీ ప్రాంతపు సంగతి తీసుకోండి. వానాకాలంలో నాగార్జునసాగర్ 26 గేట్లలో ఎన్ని ఎత్తారన్న వార్త చాలా మంచిది. గేటు, ఇన్‌ఫ్లో, క్యూసెక్కు, అన్నీ మీకు తెలిసిన ఇంగ్లీషే. వాటి మధ్య ఉన్న చిన్న మాటలు, ‘ఇన్‌టు’, ‘ఫ్రమ్’, ‘ద’ లాంటివి, ఎక్కడెక్కడ కూర్చున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టండి. మన ‘లోకి’, ‘నుంచి’ మాట వెనక వస్తాయి, అవి ముందు వస్తాయి. ‘ద’కు మన దగ్గర చుట్టమే లేదు, అందుకే అది మన వాక్యాల్లో తరచూ గైర్హాజరవుతుంది. నెల తర్వాత ఒక వార్తకు పెన్సిలు గుర్తులు పెట్టి ఆ కాగితం నాకు పంపండి. తప్పులు నేను దిద్దుతాను.