గోడ పోయింది, బొమ్మ సంగతేంటి?

ప్రశ్న: మా వీధి చివర కాంపౌండు గోడ మీద అందరం చందాలేసుకుని మా పైడితల్లమ్మ సిరిమాను సంబరం బొమ్మ వేయించుకున్నాం. ఊరేగింపులో వచ్చే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తల వల, సిరిమాను అనే పొడవాటి మాను చివర కూర్చునే పూజారి, అన్నీ ఉండేవి. మొన్న కాలువ పనికని మాటైనా చెప్పకుండా గోడ కొట్టేశారు. మాకేమైనా హక్కుందా? మళ్లీ అదే బొమ్మ వేయించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: హక్కుందమ్మా, కాకపోతే చందాలిచ్చిన మీకు కాదు, బొమ్మ వేసినాయనకి. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని వేసిచ్చినా సరే, తన పనిని పాడుచేసి తన పేరుకి నష్టం తెస్తే కళాకారుడు కోర్టుకెళ్లొచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేశారు. మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిచ్చి 5 లక్షలు కట్టమని ప్రభుత్వానికి హైకోర్టు చెప్పేసరికి 2005 వచ్చింది. అంత పేరున్న శిల్పికే అన్నేళ్లు పట్టింది మరి! మీ పెయింటరు గారికి ఓపికుంటే లాయరుని అడగమనండి గానీ, నేనైతే ఆ ఓపిక వేరేచోట పెట్టమంటాను.

ముందు వీధిలో వాళ్ల ఫోన్లు వెతికించండి. ఆ గోడ ముందు పెళ్లికూతుర్ని నిలబెట్టి తీసినవి, కొత్త బండికి కొబ్బరికాయ కొట్టిన రోజువి ఉంటాయి కదా, వాటిలో మనుషుల వెనకాల ఏనుగు తొండం ఒకదాంట్లో, వల అంచు ఇంకోదాంట్లో దొరుకుతాయి, వరసగా పేర్చుకుంటే బొమ్మ చాలావరకు వచ్చేస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్లారిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. పెయింటరు దగ్గర పెన్సిల్ స్కెచ్ ఉంటే ఇవాళే ఫొటో తీసుకోండి. ఆయన పేరు, వేసిన సంవత్సరం, చందా ఇచ్చినవాళ్ల పేర్లు ఎలాగూ రాస్తారు, ఏనుగు మరీ బక్కగా ఉందని గొడవపెట్టిన పెద్దాయన ఎవరో ఒకరు ఉండే ఉంటారు, అదీ రాయండి.

అదే బొమ్మ మళ్లీనా? నాకైతే వద్దనిపిస్తుంది. సంబరం ఏటా వస్తుంది, ఈసారి చూసింది వేయించండి, పాత బొమ్మ ఫొటో ఫ్రేము కట్టించి పక్కన పెట్టండి. ఈసారి మాత్రం గోడ ఎవరిదో కనుక్కుని, కొట్టాల్సొస్తే నెల ముందు చెప్తామని కాగితం మీద రాయించుకోండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే నెలరోజులైనా ఆరనిచ్చి, ప్రైమర్ కొట్టాకే బయటి గోడల ఎమల్షన్ వేయించండి. డిస్టెంపర్ చవకే గానీ మన వానలకి ఆగదు.