మూడో హెచ్చరిక చెప్పకుండా ఎవర్నీ చంపకు

తమ్ముడూ,

గోదారి లంకల మీద నువ్వు రాస్తున్న గేమ్, అదే టేబుల్ చుట్టూ కూచుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రయి డైస్ వేస్తా కథ నడిపే ఆట, దాని రూల్స్ డ్రాఫ్ట్ మొత్తం చదివేను, పడవల చాప్టర్ బాగా వచ్చింది, పంటు మీద గొడవ జరిగే సీన్ ఐతే నాకే ఆడాలనిపించింది, దాని సంగతి మళ్ళీ రాస్తాను. ఇవాళ ఆ "మరణం, శిక్షలు" అన్న రెండు పేజీల గురించే, ఎందుకంటే మిగతాదంతా నువ్వు రాసినట్టుంది, ఆ రెండు పేజీలూ హాస్టల్ వార్డెన్ రాసినట్టున్నాయి.

ముందు పాము. తాచు కాటేస్తే డీ20, అంటే ఇరవై ముఖాల డైస్ వెయ్యాలి, 1 పడితే అక్కడికక్కడే చావు అన్నావు. ఇరవైలో ఒక్కటే కదా అనుకునుంటావు, ఒక్కసారికైతే అంతే, కానీ నీ కథలో గట్టు మీద పాము, గడ్డివాములో పాము, పడవ అడుగున పాము, ఇలా ఒకే క్యారెక్టర్ చేత పద్నాలుగు సార్లు వేయిస్తే ఎక్కడో ఒకచోట 1 పడే అవకాశం సగం దాటిపోద్ది. పాముకేం, ఒక్క సీన్‌లో వచ్చి పోద్ది, ప్లేయర్ క్యారెక్టర్ మాత్రం ప్రతి సీన్‌లోనూ ఉండాలి, అందుకే డైస్‌కి వదిలేసిన చావులన్నీ చివరికి వాళ్ళ నెత్తికే చుట్టుకుంటాయి. ఇది పాత జబ్బేలే, 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి గేమే వచ్చినప్పుడు హిట్ పాయింట్లు, అంటే దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే ప్రాణబలం, సున్నా ఐతే చచ్చినట్టే. అదే గేమ్ 2014 ఎడిషన్‌కి వచ్చేసరికి, సున్నాకి పడ్డాక టర్న్‌కొక డీ20 వేస్తారు, పదీ ఆపైన పడితే పాస్, మూడు పాస్‌లు ముందొస్తే ప్రాణం నిలుస్తది, మూడు ఫెయిల్స్ ముందొస్తే పోతాడు, 1 పడితే రెండు ఫెయిల్స్ కింద లెక్క, 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో లేచి కూచుంటాడు. ఎవరూ చెయ్యి వెయ్యకపోయినా పదిసార్లలో ఇంచుమించు ఆరుసార్లు బతుకుతాడు. నాకు నచ్చేది ఆ మధ్యలో దొరికే టైమ్, ఫైటింగ్ వదిలేసి వాడి దగ్గరికి పరిగెత్తాలా వద్దా అని టేబుల్ అంతా ఒక్కసారి ముందుకి వంగుద్ది చూడు, అదీ.

చావు రూల్ న్యాయమా కాదా అని నేను చచ్చినవాళ్ళని లెక్కెట్టి చెప్పను. డైస్ చేతిలోకి తీసుకునే ముందు పోయేది ప్రాణమని ఆ ప్లేయర్‌కి తెలుసా, వెనక్కి తగ్గే దారి ఉందా, చూసేది ఈ రెండే. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే గేమ్‌లో క్యారెక్టర్ని తయారుచేసుకుంటుండగానే చచ్చిపోవచ్చు, వింటే నవ్వొస్తది, కానీ నీ పాము కన్నా అది వెయ్యి రెట్లు నయం. ఆట మొదలవ్వకముందు క్యారెక్టర్ చేసిన ఉద్యోగం అది, నాలుగేళ్ళ సర్వీసు అయ్యాక ఇంకో నాలుగేళ్ళు ఉంటానని ఆశపడేది ప్లేయరే, ఉంటే నైపుణ్యాలు పెరుగుతాయి, బతికేడా లేదా అని వేసే సర్వైవల్ రోల్ తప్పితే పోతాడు, పోయినా కాసేపు పెన్సిల్ అరగదీసిన కష్టమే పోయింది. జపాన్ వాళ్ళ టెన్రా బాన్షో జీరో అనే గేమ్‌లో ఇంకో అడుగు ముందుకేసేరు, క్యారెక్టర్ వివరాలు రాసుకునే షీట్ మీద చావు గడి ఒకటుంటది, అందులో ప్లేయర్ తనంతట తాను టిక్ పెడితే తప్ప ఆ క్యారెక్టర్ చావదు, టిక్ పెడితే వేసుకోడానికి డైస్ ఎక్కువొస్తాయి.

అయినా వరద మీద గేమ్ రాస్తున్నవాడివి నువ్వు బయట వెతుక్కోడం ఏంట్రా. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికి గొడ్లని ఏటిగట్టు మీదకి తోలతారు, రెండోదానికి ముసలోళ్ళనీ పిల్లల్నీ దాటిస్తారు, మూడోది వచ్చేక కూడా కొబ్బరితోట వదలనని లంకలో కూచున్నవాడు తెలిసే కూచున్నాడు. రూల్ ఇలాగే రాసెయ్యి: ప్రమాదం దగ్గరికొస్తే జీఎం, అంటే ఆట నడిపే గేమ్ మాస్టర్, ముందు గుర్తు చూపించాలి, నీటి రంగు మారిందనో మోకు పీచులు లేస్తందనో. అయినా వెళ్తానంటే ఏం పోవచ్చో పైకి చెప్పాలి. అప్పటికీ వెళ్తానంటే "మూడో హెచ్చరిక" అని ఆ మాటే అనాలి, తర్వాతే డైస్. ఆ మాట అనకుండా ఎవరూ చావకూడదు, దెబ్బ తగలొచ్చు, పడవ పోవచ్చు, దారి తప్పొచ్చు, ప్రాణం మాత్రం పోకూడదు.

అలా చెప్పేస్తే భయం ఏముంటది అంటావేమో. ఒకసారి ఆడించి చూడు, ఆ మాట వినగానే డైస్ పట్టుకున్న చెయ్యి ఎలా ఆగుద్దో.

పాముకీ ఇదే. కాటు పడగానే చావుకి బదులు గడియారం మొదలుపెట్టు. రాత్రిపూట పంటు ఉండదు, ఎవరి పడవో అడగాలి, ఆ పడవ ఓనర్‌తో పోయిన సీన్‌లోనే కొట్టుకునుంటారు, అవతలి రేవులో ఆటో దొరకాలి, ఆస్పత్రిలో మందుండాలి. ఒక్క రోల్‌లో తేల్చేసిన చోట నీకో సెషన్ మొత్తం దాక్కునుంది.

ఇంక శిక్షలు. చచ్చినవాడు కొత్త క్యారెక్టర్‌తో లెవెల్ 1 నించి, అదీ వచ్చే సెషన్‌లోనే అన్నావు. మా టేబుల్‌కి ఒకమ్మాయి నరసాపురం నించి వస్తది, ఆదివారం పొద్దున్నే పంటు దాటి సఖినేటిపల్లిలో దిగి, బస్సు దొరికితే బస్సు లేకపోతే షేర్ ఆటో. వేరే ఊరి జీఎం ఒకాయన వచ్చి ఆడించిన రోజు ఇంచుమించు నీ రూలే, ఆ పిల్ల క్యారెక్టర్ టిఫిన్ ప్లేట్లు తియ్యకముందే పోయింది. సాయంత్రం దాకా ఏం చేస్తది? డైస్ రంగులవారీగా సర్దింది, అందరికీ టీ పెట్టింది, ఫోన్ చార్జింగ్ అయిపోతే నా చార్జర్ అడిగింది, అవతల తాను ఆడిన చెల్లెలి పాత్ర పోయిందని మిగతావాళ్ళు ఏడుస్తుంటే వింటా కూచుంది. నువ్వు రాసిన ఆ ఒక్క లైన్ ఆ పిల్ల ఆదివారాన్ని తినేసుద్ది, క్యారెక్టర్‌కేం, అదెలాగూ పోయింది. అందుకే పడవ మీద ఇద్దరు కళాసీల షీట్లు ముందే రాసుంచు, మిగతావాళ్ళ లెవెల్‌కే రాయి, ఒకడు పోతే టీ చల్లారేలోపు ఇంకోడు ఆటలోకి దిగిపోవాలి. పోయినవాడి అప్పు, పగ, పడవలో వాటా కూడా ఆ కొత్తవాడికే అంటగట్టు.

లెవెల్ తగ్గించడం అంటే నాకు మొదట్నించీ పడదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2000 ఎడిషన్‌లో చచ్చినవాణ్ణి రెయిజ్ డెడ్ అనే మంత్రంతో లేపితే ఒక లెవెల్ పోయేది, అప్పుడు వాడు గుంపులో అందరికన్నా బలహీనుడు, మళ్ళీ ముందు పడేది వాడే. 2014లో మార్చేరు, రోల్స్‌కి 4 తగ్గుద్ది, లాంగ్ రెస్ట్, అంటే ఓ రాత్రి పూర్తి విశ్రాంతి, తీసుకున్నప్పుడల్లా ఆ తగ్గింపు ఒకటి చొప్పున కరిగిపోద్ది, అంటే అప్పు తీరే దారి కనపడతంది. కాకపోతే అక్కడ కూడా 500 బంగారు నాణేల వజ్రం కావాలి, మొదట్లో అది పెద్ద సంగతే, చేతిలో డబ్బు ఆడేక చావు కూడా ఒక ఖర్చు పద్దైపోద్ది. నీ గేమ్‌లో లేపడం అసలు ఉండాలా అని అడిగితే వద్దంటాను, గోదారి తీసుకుపోయినవాణ్ణి డబ్బిచ్చి తెచ్చుకోడం మన కథకి అతకదు.

సెషన్‌కి రాకపోతే ఎక్స్‌పీరియన్స్ కోత అన్నావే, అది ఈ రాత్రే కొట్టెయ్యి. మీ బ్యాచ్‌లోనే ఇద్దరికి రొయ్యల చెరువులున్నాయి, కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, డీఓ, అంటే నీళ్ళలో ఆక్సిజన్, పడిపోద్ది, జనరేటర్ వేసుకుని తెల్లార్లూ గట్టు మీదే ఉండాలి. అలాంటోడికి గేమ్‌లో కూడా నష్టం రాస్తావా.

ఆఖర్న ఆ "తగిన శిక్ష జీఎం విచక్షణ మేరకు" అన్న వాక్యం. ఏం రాయాలో తోచక అలా రాసేవని తెలిసిపోతంది. కింద పడ్డవాణ్ణి శత్రువు మళ్ళీ కొడతాడా లేదా, కొడితే ఎవరు కొడతారు, దొంగైతే సంచి లాక్కుని పోతాడా, పగున్నవాడైతే ఆగి నరుకుతాడా, ఇది జీఎం మూడ్‌కి వదలకుండా ఒక్కో శత్రువు పేరు కింద ఒక్కో లైన్ రాసెయ్, చదివేవాడికీ ఆ మనుషులెలాంటోళ్ళో తెలుసుద్ది.

ఈ రెండు పేజీలూ తిరగరాసి, చెరువులోళ్ళు ఖాళీగా ఉన్న రోజు చూసి ఒకసారి ఆడించు, ఎవరు ఎక్కడ ఫోన్ తీసేరో పేజీ అంచున రాసి నాకు పంపు.

ఉంటాను మరి,
మీ అన్నయ్య