పోపు పడకముందే మీ కుక్క వాటా తీసి పెట్టండి

ప్రశ్న: మా లాబ్రడార్‌కి మూడేళ్ళు, 34 కేజీలు. ప్యాకెట్ ఫుడ్ రేట్లు చూసి భయమేసి ఆర్నెల్ల నుంచి ఇంట్లోనే వండుతున్నా. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి చికెన్ అన్నం. మా అత్తగారేమో మనం తినేదే పెట్టు, ఊళ్ళో కుక్కలు అన్నం తిని బతకట్లేదా అంటారు. ఎంత పెట్టినా వాడికి ఆకలే. ఇది సరిపోతుందా అండీ?
- ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీ అత్తగారు సగం రైటేనండీ. కుక్కకి అన్నం బాగానే అరుగుతుంది, పిండిపదార్థం అరిగించే జీన్ కాపీలు తోడేళ్ళలో కంటే కుక్కల్లో చాలా ఎక్కువున్నాయని 2013లో స్వీడన్ సైంటిస్టులు చూపించారు కూడా. కానీ "మనం తినేదే" అంటే మాత్రం కుదరదు, మన ఇళ్ళల్లో ఉల్లిపాయ పడని కూర ఎన్ని ఉంటాయి చెప్పండి? ఉల్లిపాయ పచ్చిదైనా వేయించిందైనా గ్రేవీలో కరిగిపోయిందైనా కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, వెల్లుల్లీ అంతే. గోమార్లు పోతాయని రోజుకో వెల్లుల్లి రెబ్బ పెట్టేవాళ్ళున్నారు, దయచేసి మానేయండి.

అందుకే మా ఇంట్లో ఒకటే రూలు, చికెన్ కడిగాక ఉప్పు కారం పట్టించకముందే మా కుక్క వాటా ముక్కలు వేరే గిన్నెలోకి వెళ్ళిపోవాలి. ఉత్త నీళ్ళల్లో ఉడికించి, చల్లారాక ఎముకలన్నీ ఏరేసి పెట్టడమే. ఉడికిన ఎముక పెళుసుగా పుల్లల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. తోలు కూడా వద్దు, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. ఓ ఆదివారం తోలంతా పారేయడం ఎందుకని వేయించి మావాడికి పెట్టేశా, వాడు లొట్టలేసుకుంటూ తిన్నాడు, తెల్లారేసరికి వాంతులు, వంగిపోయి నిలబడ్డాడు, డాక్టర్ ప్యాంక్రియాస్ (క్లోమం) వాచిందన్నారు, మూడు రోజులు సెలైన్.

ఇక మీ మెనూలో అసలు లోటు క్యాల్షియం. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం దాదాపు లేనట్టే. రాగిజావ పోస్తున్నా కదా అంటారు, 100 గ్రాముల రాగుల్లో ఉండేది 350 మిల్లీగ్రాములకి అటూ ఇటూ, మీవాడికి రోజుకి ఒకటిన్నర గ్రాము దాకా కావాలి, అంటే నాలుగొందల గ్రాముల పైన పిండి, జావ కాదు బిందె పెట్టాలి! దానికంటే గుడ్డు పెంకులు నయం. కడిగి నీళ్ళల్లో పది నిమిషాలు మరిగించి, ఆరాక మిక్సీలో మైదాలా మెత్తగా పట్టండి, గరుకు తగిలితే జల్లెడ పట్టి మళ్ళీ తిప్పండి. టీస్పూన్ పొడిలో సుమారు 2 గ్రాముల క్యాల్షియం, మీవాడికి రోజుకి ముప్పావు టీస్పూన్ చాలు. పిల్లకుక్కలకి మాత్రం ఈ లెక్క వాడొద్దు, పెద్ద జాతి పిల్లలకి క్యాల్షియం ఎక్కువైనా ఎముకలు వంకర్లు పోతాయి.

అయినా దీంతో అన్నీ సరిపోయినట్టు కాదండీ. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ వాళ్ళు 2013లో కుక్కలకి చేసే ఇంటి వంట రెసిపీలు 200 పరీక్షిస్తే 190లో ఏదో ఒక ముఖ్యమైన పోషకం తక్కువొచ్చింది. జింక్, అయోడిన్, విటమిన్ ఇ లాంటివి మన కంటికి కనపడవు, రోజూ ఇంటి వంటే అయితే మీ వెట్‌ని అడిగి సప్లిమెంట్ కలపండి.

ఆకలి సంగతా? లాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతుకి కడుపు నిండిందన్న సిగ్నల్ ఇచ్చే జీన్‌లో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్ళు కనిపెట్టారు. వాడి మొహం చూసి గిన్నె నింపకండి, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయో లేదో చూసి నింపండి.

ప్రశ్న: ఒవెన్ లేకుండా డాగ్ బిస్కెట్లు చేయొచ్చా? ప్రస్తుతం గ్లూకోజ్ బిస్కెట్లు వేస్తున్నాం.
- కరీంనగర్ నుంచి

జవాబు: పెనం చాలు. చికెన్ షాపులో కార్జం 100 గ్రాములు తెచ్చి ఉడికించి మిక్సీ పట్టండి, అందులో ఒక గుడ్డు, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ పావు కప్పు, కప్పున్నర రాగిపిండి. ఉప్పు, బెల్లం ఏమీ వద్దు. రాగిపిండికి జిగురుండదు కాబట్టి చపాతీలా సాగదు, అంచులు పగులుతాయి, పగలనివ్వండి, కుక్కేమీ షేప్ చూడదు. తడి చేత్తో సన్నగా తట్టి, గోరంత ముక్కలు కోసి, సన్నసెగ మీద తిప్పుతూ అరగంట. ఇల్లంతా కార్జం వాసన వస్తుంది, కిటికీలు తీసుకోండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, మిగతావి ఫ్రీజర్‌లో. రోజుకి రెండు మూడు ముక్కలు మించొద్దు, కార్జంలో విటమిన్ ఏ ఎక్కువ. ట్రీట్లన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు, గ్లూకోజ్ బిస్కెట్లు 100 గ్రాములంటే దగ్గరదగ్గర 450 క్యాలరీలు, అదీ లెక్క. పీనట్ బటర్ కలుపుదామనుకుంటే పల్లీలు మీరే వేయించి మిక్సీ పట్టుకోండి, కొన్నప్పుడు డబ్బా మీద జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి) అని ఉంటే అది కుక్కకి విషమే.

ప్రశ్న: మేం శాకాహారులం. మా స్పిట్జ్ ప్రసాదం పెట్టేదాకా ఊరుకోదు, పులిహోర, చక్కెర పొంగలి పెట్టొచ్చా?
- తిరుపతి నుంచి

జవాబు: రెండూ వద్దు. ద్రాక్షలో కుక్కల కిడ్నీల్ని దెబ్బతీసేది టార్టారిక్ యాసిడ్ అయి ఉండొచ్చని ఈమధ్య వెటర్నరీ వాళ్ళ గట్టి అనుమానం, అది చింతపండులో ఇంకా ఎక్కువ. పొంగల్లో కిస్‌మిస్ ఉండనే ఉంటుంది. పోపు పెట్టకముందు, ఉప్పు వేయకముందు పెరుగన్నం రెండు ముద్దలు తీసి పెట్టండి, దాన్నే ప్రసాదం అనుకుంటుంది. ఎప్పుడైనా కిస్‌మిస్ తినేసిందని తెలిస్తే మాత్రం చూద్దాంలే అనుకోకండి, ఉప్పునీళ్ళు తాగించకండి, రెండు గంటల్లోపు డాక్టర్ దగ్గర ఉంటే కక్కించేస్తారు.